కుక్కల నడుమ కుందేలు: పశువైద్యశాల వెయిటింగ్ హాలు చరిత్ర

కుక్కా కుందేలూ ఒకే గదిలో, నాలుగడుగుల ఎడంలో, డాక్టరు పిలుపు కోసం ఎదురుచూడడం ప్రకృతిలో ఎక్కడా లేని సందర్భం. మనిషే దాన్ని కల్పించాడు. నగరాల్లో చిన్న జంతువుల ఆసుపత్రులు వెలిశాకే, అంటే గత నూరు, నూట పాతికేళ్లలోనే, అది మామూలు దృశ్యమైంది. ఆ గదిలో కుక్క మొరుగుతుంది, గొలుసు లాగుతుంది. పిల్లి బుసకొడుతుంది. కుందేలు మాత్రం బుట్టలో ఓ మూలకు ఒదిగి, చెవులు వీపుకు అంటించి, ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోతుంది. ఎంత బుద్ధిగా కూర్చుందో అని చూసినవాళ్లు చాలాకాలం మెచ్చుకున్నారు. పెంచేవాళ్లే కాదు, వైద్యులూ అలాగే అనుకున్నారు. ఆ కదలికలేనితనం భయమేనని గుర్తించడానికి వైద్యరంగానికి చాలా ఏళ్లు పట్టింది. గుర్తించిన తర్వాతే హాలు రూపం మారడం మొదలైంది.

ఇళ్లలో పెంచే కుందేళ్లన్నిటికీ మూలజాతి ఒక్కటే, ఐరోపా కుందేలు. స్పెయిన్, పోర్చుగల్, దక్షిణ ఫ్రాన్స్ దాని పుట్టినిల్లు. నేలలో బొరియలు తవ్వుకుని గుంపుగా బతుకుతుంది. నక్కలు, గద్దలు, గుడ్లగూబలు, ఐబీరియా ప్రాంతపు లింక్స్ పిల్లి అన్నిటికీ అదే ఆహారం. తిరగబడి పోరాడే శక్తి లేని ఈ జంతువు మూడు ఉపాయాల మీద బతికింది. ప్రమాదాన్ని ముందుగా పసిగట్టడం, కంటపడకుండా కదలక నిలిచిపోవడం, తప్పనప్పుడు బొరియలోకి పరుగు. తలకు చెరోపక్కన ఉన్న కళ్లు ముక్కు ముందున్న కాస్త జాగా తప్ప చుట్టూ దాదాపు అంతా చూడగలవు. ప్రమాదం కనిపెట్టిన కుందేలు వెనుక కాలితో నేలను దబ్బున కొట్టి తోటివాటిని హెచ్చరిస్తుంది. ప్రాణం మీదికి వస్తే తప్ప గొంతెత్తదు. నొప్పి ఉన్నా పైకి కనపడనివ్వదు. నీరసించినట్టు కనపడిన జంతువునే వేటాడే జంతువు ముందు ఎంచుకుంటుంది కాబట్టి, దాచుకోవడమే దానికి రక్ష.

వేటాడే జంతువుల జాబితాలోకి కుక్కను తెచ్చింది మనిషే. మధ్యధరా తీరంలో కుందేలు వేట కోసమే కొన్ని కుక్కజాతులు తయారయ్యాయి. స్పెయిన్‌లోని పొదెంకో కుక్కలు అలాంటివే. మాల్టా దీవి జాగిలానికి అక్కడి భాషలో ఉన్న పేరే కుందేలుకుక్క. జర్మనీలో డాక్స్‌హుండ్‌లలో అన్నిటికన్నా చిన్న రకాన్ని కుందేలు బొరియల్లో దూరడానికి పెంచారు. ఇంగ్లండులో బీగిల్ మందలు కుందేలుకు దగ్గరి చుట్టమైన చెవులపిల్లుల వెంటపడేవి. ఇవాళ క్లినిక్‌లో టీకా కోసం కూర్చున్న బీగిల్, డాక్స్‌హుండ్ ఈ వంశాలవే. యజమాని ఒడిలో ముద్దుగా ముడుచుకుని ఉన్నా వాటి ముక్కుకు పాత విద్య గుర్తుంటుంది. దాని మీద కోపం తెచ్చుకోవాల్సిన పనీ లేదు.

కుందేలును మనిషి కట్టడిలోకి తెచ్చిన చరిత్ర మొదట తిండి కోసమే. క్రీస్తుపూర్వం 1వ శతాబ్దిలో రోమన్ రచయిత వర్రో, గోడలు కట్టిన ఆవరణల్లో చెవులపిల్లులనూ కుందేళ్లనూ ఉంచే పద్ధతిని వ్యవసాయ గ్రంథంలో వివరించాడు. బలియారిక్ దీవుల్లో కుందేళ్లు పెరిగిపోయి పంటలు పాడుచేస్తే, అక్కడి జనం సైన్యాన్ని పంపమని అగస్టస్ చక్రవర్తిని వేడుకున్నారని ప్లినీ రాశాడు. నార్మన్ల రాక తర్వాత, 12వ శతాబ్ది నుంచి, ఇంగ్లండులో ప్రభువులు కుందేళ్ల కోసం మట్టిదిబ్బలు పోయించి కాపలాదారులను పెట్టారు. ఆ కాపలాదారు దగ్గర కుందేళ్లను బొరియల్లోంచి తరమడానికి ఫెరెట్ అనే చిన్న వేటజంతువులు, తప్పించుకున్నవాటిని పట్టడానికి కుక్కలు ఉండేవి. క్రీ.శ. 600 ప్రాంతంలో ఒక పోప్ ఇచ్చిన అనుమతి వల్ల క్రైస్తవ సన్యాసులు కుందేలును మచ్చిక చేశారనే కథ చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది. 2018లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు మూలాలు వెదికితే దానికి ఆధారం లేదని తేలింది. మచ్చిక ఒక తేదీన, ఒకరి చేతిలో జరిగింది కాదు. వేట, దొడ్డి, గూడు, ఇల్లు అనే మెట్ల మీదుగా నెమ్మదిగా సాగింది.

ఈ మచ్చిక కుందేలు లోపల ఏం మార్చిందన్నది ఇటీవలే తెలిసింది. 2014లో వెలువడిన జన్యు అధ్యయనంలో, అడవి కుందేలుకూ పెంపుడు కుందేలుకూ తేడా ఏ ఒక్క జన్యువులోనో లేదని, మెదడు, నాడీమండలం ఎదుగుదలకు సంబంధించిన ఎన్నో చోట్ల చిన్న చిన్న మార్పులుగా పరుచుకుని ఉందని కనుగొన్నారు. 2018లో స్వీడన్ పరిశోధకులు 8 అడవి కుందేళ్లను, 8 పెంపుడు కుందేళ్లను ఒకే తీరులో పెంచి మెదళ్లను స్కాన్ చేశారు. భయాన్ని పుట్టించే అమిగ్డలా భాగం పెంపుడువాటిలో చిన్నదిగా, ఆ భయాన్ని అదుపు చేసే ముందుభాగం పెద్దదిగా కనిపించింది. అంటే మనిషి తరతరాలుగా భయం తక్కువున్న కుందేళ్లనే ఎంచుకుంటూ వచ్చాడు. కానీ తగ్గిన భయం మనిషి పట్ల. కుక్క వాసన, కుక్క గొంతు ఎదురైతే పాత మెదడే పనిచేస్తుంది. వేటజంతువును ఎన్నడూ ఎరగని ఐరోపా కుందేళ్ల ముందు నక్క వాసన ఉంచి చేసిన ప్రయోగాల ఫలితాలు 2005లో వచ్చాయి. ఆ వాసనకే వాటి ప్రవర్తనలో, ఒంట్లో మార్పులు కనిపించాయి. ఆ భయం ఎవరూ నేర్పితే వచ్చింది కాదు.

ఈ విషయంలో అవతలి పక్షం సాక్ష్యం కూడా ఒకటుంది. అది 18వ శతాబ్దిది, మనసుకు హత్తుకునేది. ఆంగ్లకవి విలియం కౌపర్ తీవ్రమైన మనోవ్యాధితో బాధపడుతూ, 1774లో ఓల్నీ అనే ఊళ్లో మూడు చెవులపిల్లి పిల్లలను పెంచడం మొదలుపెట్టాడు. వాటికి పస్, టైనీ, బెస్ అని ఆడపేర్లు పెట్టాడు గానీ మూడూ మగవే. పస్‌కు జబ్బు చేస్తే మూడు రోజులు చేతులతో సాకాడు. కోలుకున్నాక అది ఆయన చేతిని ముందు, వెనక, వేళ్ల సందుల్లో ఓపిగ్గా నాకిందట. టైనీ మాత్రం చివరిదాకా మొరటుగానే ఉంది. ముట్టుకోబోతే ముందుకాళ్లతో కొట్టేది. ఆ ఇంట్లోనే మార్క్విస్ అనే స్పానియల్ కుక్క ఉండేది. చెవులపిల్లిని ఎన్నడూ చూడని కుక్కకూ, కుక్కను ఎన్నడూ చూడని చెవులపిల్లికీ కౌపర్ జాగ్రత్తగా పరిచయం చేశాడు. పస్ బెదరలేదు, మార్క్విస్ మీదికి పోలేదు. రెండూ ఒకే చేతిలోంచి రొట్టె తిన్నాయి. 1784లో లండన్‌లోని జెంటిల్‌మన్స్ మ్యాగజైన్‌కు రాసిన లేఖలో కౌపర్ ఇదంతా చెప్పి, వాటి మధ్య పుట్టు శత్రుత్వం లేదని, తరిమితేనే పరుగు, శిక్షణ ఇస్తేనే తరమడం అని తేల్చాడు.

కౌపర్ చూసింది అబద్ధం కాదు. ఆయన తీర్పే తొందరపాటు. నెమ్మదైన కుక్క, మనిషి చేతిలో పెరిగిన జంతువు, తెలిసిన గది, తీరిక ఉన్న యజమాని అన్నీ అక్కడ కుదిరాయి. ఇవాళ ఎన్నో ఇళ్లలో కుక్కా కుందేలూ కలిసి పెరుగుతున్నది కూడా ఇలాంటి వారాల, నెలల పరిచయంతోనే. వెయిటింగ్ హాల్లో ఇందులో ఒక్కటీ ఉండదు. అక్కడి కుక్క కొత్తది, దాని ఒంట్లోనూ బాగుండదు, గది అంతా పది జంతువుల వాసన, ఉన్న వ్యవధి పదిహేను నిమిషాలు. ఇంట్లో కుక్కతో కలిసి తిరిగే కుందేలు ఆసుపత్రిలోనూ బెదరదన్న నమ్మకం కౌపర్ నాటి పొరపాటుకు కొనసాగింపే.

కుందేలు ఆసుపత్రి దాకా రావడానికి ముందు అసలు ఆసుపత్రి దాని కోసం లేదు. ఆధునిక పశువైద్యం 1761లో రాజాజ్ఞతో ఫ్రాన్స్‌లోని లియాన్‌లో క్లోద్ బూర్జెలా నెలకొల్పిన పాఠశాలతో మొదలైంది. 1791లో లండన్ కళాశాల వచ్చింది. ఆ రోజుల్లో పశువైద్యమంటే ప్రధానంగా గుర్రం. సైన్యం, బండి, తపాలా అన్నీ గుర్రం మీదే నడిచేవి. తర్వాత పశువుల మందలు, ఆ తర్వాతే కుక్క. 1906లో లండన్ విక్టోరియా ప్రాంతంలో ఒక ధర్మసంస్థ జంతువుల ఆసుపత్రి తెరిచింది. నేటి బ్లూ క్రాస్ మూలం ఆ సంస్థే. 1917లో మరియా డికిన్ అనే మహిళ వైట్‌చాపెల్ పేటలో ఒక నేలమాళిగ గదిలో పేదల జంతువులకు ఉచిత వైద్యం ప్రారంభించింది. జనం బారులు తీరారు. గొలుసుతో కుక్క, గోనెసంచిలో పిల్లి, చంకలో కోడి ఒకే గుమ్మం ముందు చేరే రోజులవి. వెయిటింగ్ హాలు అలా పుట్టింది. వైద్యశాలకు కావలసిన గదుల లెక్కలో అది చివరిది, చవకైనది. గోడవార బల్లలు, మధ్యలో ఖాళీ నేల, ఒక తలుపు. మనుషుల ఆసుపత్రి హాలును చూసి కట్టిన ఆ గదిలో, ఒక రోగి ఇంకొక రోగికి ఆహారం కావచ్చన్న ఆలోచనకు చోటు లేదు.

అప్పటికి కుందేలు ఇంట్లోకి వచ్చింది గానీ హోదా రాలేదు. విక్టోరియా రాణి కాలంలో అందాల పోటీలకు రకరకాల కుందేళ్లను పెంచే సంఘాలు వెలిశాయి. చిత్రకారిణి బీట్రిక్స్ పాటర్ తన బెంజమిన్ అనే కుందేలును తోలుపట్టీ కట్టి షికారుకు తీసుకెళ్లేది. పీటర్ అనే ఇంకో కుందేలు ఆమె పుస్తకం ద్వారా 1902 నుంచి లోకమంతటికీ తెలిసింది. అయినా సగటు ఇంట్లో కుందేలు పెరట్లో చెక్కగూటిలో ఉండేది. పిల్లల ఆటకు సగం, కూరకు సగం. రెండో ప్రపంచయుద్ధంలో మాంసానికి కటకట వచ్చినప్పుడు బ్రిటన్‌లో పెరటి కుందేళ్ల పెంపకాన్ని ప్రభుత్వమే ప్రోత్సహించింది. జబ్బుపడిన కుందేలుకు డాక్టరు ఖర్చు పెట్టడం ఎవరికీ తట్టేది కాదు.

వైద్యంలో ఆ కాలపు కుందేలు స్థానం పూర్తిగా వేరే చోట ఉంది. లూయీ పాశ్చర్ పిచ్చికుక్క వ్యాధికి టీకా తయారు చేసింది కుందేళ్ల ఒంట్లోనే. రోగపు విషాన్ని ఒక కుందేలు మెదడు నుంచి మరో కుందేలు మెదడుకు వరుసగా ఎక్కిస్తూ పోతే, చివరికి ప్రతి కుందేలూ దాదాపు 7 రోజులకే జబ్బుపడే స్థితి వచ్చింది. అలా చనిపోయిన కుందేళ్ల వెన్నుపాము ముక్కలను గాజుసీసాల్లో దారానికి వేలాడదీసి, అడుగున క్షారం గడ్డలు వేసి ఎండబెట్టారు. ఎండేకొద్దీ విషం బలం తగ్గేది. 1885 జూలై 6న కుక్కకాటు తిన్న తొమ్మిదేళ్ల జోసెఫ్ మైస్టర్‌కు బాగా ఎండిన ముక్కతో మొదలుపెట్టి, రోజురోజుకూ తాజా ముక్కల వైపు వెళ్తూ సూదులు వేశారు. పిల్లవాడు బతికాడు. కుక్కకాటు నుంచి మనుషులను కాపాడే దారి తెరుచుకున్నది కుందేళ్ల ప్రాణాలతో. దక్షిణ భారతంలో ఈ చికిత్స కోసం 1907లో కూనూరులో పాశ్చర్ సంస్థ వెలిసింది. మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాలకూ అదే దిక్కయింది.

ప్రయోగశాల మరో పని కూడా చేసింది. కదలకుండా, అరవకుండా ఉండే జంతువు కాబట్టి కుందేలు ప్రయోగాలకు అనువైనదన్న అభిప్రాయాన్ని స్థిరపరిచింది. 1944లో అమెరికాలో జాన్ డ్రెయిజ్ పేరుతో వచ్చిన కంటిపరీక్ష కోసం, తల మాత్రమే బయటికి ఉండే పెట్టెల్లో కుందేళ్లను బిగించి కూర్చోబెట్టేవాళ్లు. కుందేలు వైద్యం మీద పశువైద్యులకు ఉన్న జ్ఞానమంతా చాలాకాలం ఈ ప్రయోగశాల పుస్తకాల నుంచి వచ్చిందే. అక్కడ ముఖ్యమైన ప్రశ్న కుందేలును కదలకుండా ఎలా పట్టుకోవాలన్నది. దానికి ఎలా ఉందన్నది ఎవరూ అడగలేదు.

పెంపుడు కుందేలును ఆసుపత్రి గుమ్మం తొక్కించినవి రెండు వేర్వేరు కారణాలు. బ్రిటన్‌లో అంటువ్యాధి, అమెరికాలో ఇంటి లోపలి పెంపకం. కుందేళ్లను చంపే మిక్సోమటోసిస్ వైరస్‌ను 1952లో ఫ్రాన్స్‌లో ఒక వైద్యుడు తన ఎస్టేట్‌లోని కుందేళ్లలోకి వదిలాడు. మరుసటి ఏడాదికి అది బ్రిటన్‌కు పాకి అడవి కుందేళ్లను ఊచకోత కోసింది. 1984లో చైనాలో బయటపడిన రక్తస్రావ వ్యాధి 1990ల తొలినాళ్లలో బ్రిటన్‌కు చేరింది. ఈ రెండింటికీ టీకాలు వచ్చాక, ఏ జబ్బూ లేని కుందేలును కూడా ఏటా టీకా కోసం ఆసుపత్రికి తేవలసి వచ్చింది. అంతదాకా ఎప్పుడో ఒకటి కనిపించే కుందేలు హాలులో రోజువారీ రోగి అయింది. అమెరికాలో 1985లో మారినెల్ హారిమన్ ఇంట్లో కుందేలు పెంపకం మీద రాసిన పుస్తకం, 1988లో కాలిఫోర్నియాలో ఏర్పడిన హౌస్ ర్యాబిట్ సొసైటీ కుందేలును గూటి నుంచి ఇంటి లోపలికి, సోఫా మీదికి తెచ్చాయి. గర్భసంచి తీయించడం, పళ్లు చూపించడం లాంటి పనులకు డాక్టరు దగ్గరికి వెళ్లే అలవాటు పెరిగింది. 1996లో బ్రిటన్‌లోనూ అలాంటి సంఘమే ఏర్పడింది. వైద్య గ్రంథాలు దీనికి వెనకబడే వచ్చాయి. బ్రిటిష్ చిన్న జంతువుల వైద్యసంఘం కుందేలు వైద్యంపై చేతిపుస్తకం ప్రచురించింది 2000లో. రెండేళ్లకు ఫ్రాన్సిస్ హార్‌కోర్ట్ బ్రౌన్ పాఠ్యగ్రంథం వెలువడింది.

ఇలా రోగి వచ్చింది గానీ, దాన్ని నెమ్మదిపరచడానికి వాడిన పద్ధతి తప్పుది. కుందేలును వెల్లకిలా తిప్పి తొడ మీద పడుకోబెట్టి పొట్ట నిమిరితే అది కాళ్లు చాపి బిగుసుకుపోతుంది. గోళ్లు కత్తిరించడానికి, పొట్ట చూడడానికి ఇదే సుళువని చాలామంది నేర్చుకున్నారు. కుందేలు మైమరచిందని, హిప్నటైజ్ అయిందని చెప్పుకున్నారు. ఈ భ్రమకు పాత వంశం ఉంది. 1646లో జర్మన్ పండితుడు అథనేసియస్ కిర్షెర్, కోడిని నేలకు అదిమి ముక్కు ముందు సుద్దగీత గీస్తే అది కదలకుండా పడి ఉంటుందని రాసి, కోడి ఊహాశక్తి వల్ల అలా జరుగుతుందని అన్నాడు. నిజానికి అది వేటజంతువు నోట చిక్కినప్పుడు ఆఖరి ఆశగా చచ్చినట్టు పడిపోయే స్థితి. పట్టు సడలితే పారిపోవడానికి. 2006లో సౌతాంప్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆన్ మెక్‌బ్రైడ్, సహ పరిశోధకులు వెల్లకిలా పడుకోబెట్టిన కుందేళ్లను పరీక్షించారు. శరీర సూచికలూ, తేరుకున్న తర్వాతి ప్రవర్తనా రెండూ భయాన్నే చూపించాయి. నొప్పి తెలియకుండా చేసే ఉపాయంగా దీన్ని వాడరాదన్న మాట అప్పటి నుంచి గట్టిపడింది. కుందేలును వెల్లకిలా తిప్పి ముద్దుచేసే వీడియోలు నేటికీ ఆగకపోవడం బాధాకరం.

ఈ తెలివిడితో పాటు ఇంకొకటీ స్పష్టమైంది. కుందేలుకు భయం మనసుకు మాత్రమే సంబంధించిన ఇబ్బందిగా మిగలదు. దాని పేగులు నిరంతరం కదులుతూ ఉండాలి. భయపడినప్పుడు విడుదలయ్యే హార్మోన్లు ఆ కదలికను మందగింపజేస్తాయి. అది తినడం మానేస్తుంది, తినకపోతే పేగు ఇంకా మందగిస్తుంది, గ్యాసు పట్టి నొప్పి పుడుతుంది, నొప్పితో మళ్లీ తినదు. ఒక పగలంతా, ఒక రాత్రంతా మేత ముట్టని కుందేలు ప్రాణాపాయంలో ఉన్నట్టే. రెండో ప్రమాదం వెన్నెముక. కుందేలు ఎముకల గూడు ఒంటి బరువులో 7, 8 శాతమే. పిల్లికి 12, 13 శాతం ఉంటుంది. వెనుక కాళ్ల కండలు మాత్రం బలమైనవి. పక్కన కుక్క మొరిగినప్పుడు చేతుల్లోంచి ఎగిరి తన్నుకుంటే ఆ విసురుకే నడుము ఎముక విరిగిపోవచ్చు. మూడోది మత్తుమందు. బ్రిటన్‌లో 2008లో ప్రచురితమైన పెద్ద సర్వేలో మత్తుమందు సంబంధిత మరణాలు కుక్కల్లో 0.17 శాతం, పిల్లుల్లో 0.24 శాతం ఉంటే కుందేళ్లలో 1.39 శాతంగా తేలాయి. దీనికి చాలా కారణాలున్నా, హడలిపోయిన స్థితిలో బల్ల ఎక్కడం ఆ ముప్పును పెంచేదే. హాలులో గడిపిన సమయం చికిత్సలో భాగమని వైద్యులు ఒప్పుకున్నది ఇక్కడే.

హాలు రూపం మార్చిన ఖ్యాతి నిజానికి పిల్లులది. 2012లో అంతర్జాతీయ పిల్లివైద్య సంఘం, పిల్లులకు అనువైన క్లినిక్‌లను గుర్తించే పథకం మొదలుపెట్టింది. కుక్కలకూ పిల్లులకూ విడివిడిగా కూర్చునే చోటు, లేదంటే విడివిడి వేళలు ఉండాలన్నది అందులో ఒక షరతు. అమెరికాలో సోఫియా యిన్ 2009లో రాసిన గ్రంథం, 2016లో మార్టీ బెకర్ ఆరంభించిన ఫియర్ ఫ్రీ శిక్షణ ఈ దృష్టిని మామూలు క్లినిక్‌ల దాకా తీసుకెళ్లాయి. కుందేలు సంఘాలు ఆ దారినే పట్టి, కుందేళ్లకు అనువైన వైద్యుల జాబితాలు తయారు చేశాయి. పిల్లికి కట్టిన విభాగంలో కుందేలును కూర్చోబెట్టడం మొదట్లో మామూలే. కుక్క లేకపోతే చాలనుకున్నారు. పిల్లి కూడా వేటజంతువేనని తర్వాత అర్థమైంది.

ఈ అనుభవమంతా కలిసి కొన్ని పద్ధతులుగా స్థిరపడింది. అన్నీ కుందేలు స్వభావం నుంచే పుట్టాయి. బుట్ట గట్టిదిగా, పైమూత తెరుచుకునేదిగా ఉండాలి. ముందు తలుపులోంచి కుందేలును లాగడమంటే వేటాడే జంతువు బొరియలోంచి లాగినట్టే దానికి తోస్తుంది. అడుగున జారకుండా తువ్వాలు, దాని మీద ఇంటి ఎండుగడ్డి, వీలైతే అది రోజూ పడుకునే గుడ్డ. బుట్టను నేల మీద పెట్టకూడదు. కుక్క ముక్కు సరిగ్గా ఆ ఎత్తులోనే ఉంటుంది. బల్ల మీదో ఒడిలోనో పెట్టుకుని, బుట్ట ముఖాన్ని యజమాని వైపు తిప్పుకోవాలి. కుక్క ఉన్న వైపు గుడ్డ కప్పాలి. భయపడుతోంది కదా అని బయటికి తీసి గుండెకు హత్తుకోవడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. మనిషికి అది ఓదార్పు, కుందేలుకు దాక్కునే చోటు పోవడం. జంటగా పెరిగిన కుందేలైతే తోడును కూడా వెంట తేవడం మంచిదని వైద్యులు చెబుతారు. తోడుంటే ధైర్యం. పైగా ఒక్కటే వెళ్లి ఆసుపత్రి వాసనతో తిరిగొస్తే ఇంట్లో ఉన్నది దాన్ని గుర్తుపట్టక కొట్లాటకు దిగవచ్చు. కుక్కను చూసిన డాక్టరు చేతులు కడుక్కుని, బల్ల తుడిచి, వీలైతే కోటు మార్చి కుందేలును ముట్టుకోవడం కూడా ఇందులో భాగమే.

2020లో కోవిడ్ వచ్చినప్పుడు చాలా దేశాల్లో వెయిటింగ్ హాళ్లు మూతపడ్డాయి. జంతువుతో కారులోనే ఉండి, ఫోన్‌లో పిలిచినప్పుడు గుమ్మం దగ్గరికి రావడం అందరికీ నియమమైంది. కుందేళ్లను పెంచేవాళ్లు ఏనాటి నుంచో కోరుతున్నది అదే. యజమాని లేకుండా లోపలికి వెళ్లవలసి రావడం ఒక్కటే అందులోని లోటు. కారులో వేచి ఉండే అలవాటును చాలా క్లినిక్‌లు తర్వాత కూడా కోరినవాళ్లకు కొనసాగించాయి.

తెలుగునాట ఈ కథ కొత్త దశలో ఉంది. ఇక్కడి పొలాల్లో, గుట్టల్లో తిరిగేది నల్లమెడ చెవులపిల్లి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ దానికి ఉంది కాబట్టి పట్టి పెంచడం నేరం. తుంగభద్ర ఒడ్డున వేటకుక్కల మీదికే ఒక చెవులపిల్లి తిరగబడిందని, ఆ నేల మహిమ చూసి హరిహర బుక్కరాయలు విజయనగరానికి అక్కడ పునాది వేశారని చెప్పే కథ తెలుగువాళ్లకు తెలిసిందే. రాజ్యానికి శకునమయ్యేంత అరుదు ఆ సంఘటన. ఇళ్లలో పెంచే తెల్ల కుందేళ్లు మాత్రం ఐరోపా జాతివే. మాంసం కోసం, ఉన్ని కోసం ప్రభుత్వ కేంద్రాలు పెంచిన న్యూజిలాండ్ వైట్, సోవియట్ చించిల్లా, అంగోరా రకాలతో దేశంలో వీటి పెంపకం విస్తరించింది. తర్వాత పెట్ షాపుల ద్వారా హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం అపార్టుమెంట్లలోకి చేరాయి.

వీటిని చూడవలసిన వైద్యవ్యవస్థ పాడిపశువుల కోసం పెరిగింది. హైదరాబాద్‌లో 1946లో, తిరుపతిలో 1955లో వచ్చిన పశువైద్య కళాశాలలు రైతు అవసరాన్ని చూసుకుని నిలిచినవి. ఊళ్లో పశువుల ఆసుపత్రి అంటే ఒక వరండా, ఎదుట చెట్టు, పశువును నిలబెట్టే ఇనుప చట్రం. గేదెకు అది సరిపోతుంది. అదే వరండాలో ఇప్పుడు కుక్కల యజమానులు గొలుసులు పట్టుకుని నిలబడుతున్నారు, వాళ్ల నడుమ అట్టపెట్టెలో కుందేలు వస్తోంది. నగరాల ప్రైవేటు క్లినిక్‌లు చాలావరకు అద్దె షట్టర్లలో, ఒకే హాలుతో నడుస్తాయి. వేరే గది కట్టమని అడగడం అన్నిచోట్లా కుదిరేది కాదు.

పడమటి దేశాల కారు ఉపాయం కూడా ఇక్కడ యథాతథంగా పనికిరాదు. కుందేలుకు చెమట పట్టదు. ఒంటి వేడిని ఎక్కువగా చెవుల ద్వారానే వదులుకుంటుంది. 30 డిగ్రీలు దాటితే చాలు, ఇబ్బంది మొదలవుతుంది. మే నెలలో విజయవాడ ఎండలో ఆపిన కారులోనో, నాలుగువైపులా దట్టమైన గుడ్డ కప్పిన బుట్టలోనో ఉంచితే కుక్క భయం కన్నా ముందు వడదెబ్బే ప్రాణం తీస్తుంది. ఇక్కడ కప్పాల్సింది కుక్క ఉన్న వైపు మాత్రమే, అదీ పలుచని నూలు గుడ్డతో. గుడ్డ చుట్టిన చల్లని నీళ్ల సీసా బుట్టలో ఒక పక్కన పెట్టాలి. నీడ ఉన్న మెట్ల కింద గానీ పక్క షాపు అరుగు మీద గానీ వేచి ఉండాలి. ఎండాకాలంలో ఉదయం క్లినిక్ తెరవగానే మొదటి రోగిగా వెళ్లడం కుక్కల రద్దీకీ ఎండకూ ఒకే మందు.

తప్పించుకోవలసిన రోజులూ ఉన్నాయి. పాశ్చర్ తొలి టీకాకు గుర్తుగా జూలై 6ను ప్రపంచ జూనోసిస్ దినంగా, ఆయన మరణించిన సెప్టెంబర్ 28ను ప్రపంచ రేబిస్ దినంగా పాటిస్తారు. ఆ సందర్భాల్లో రెండు తెలుగు రాష్ట్రాల పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తారు. ఆవరణంతా కుక్కలతో నిండిపోతుంది. అత్యవసరమైతే తప్ప కుందేలు ఉన్నవాళ్లు ఆ రోజుల్లో వెళ్లకపోవడమే మంచిది. వెళ్లక తప్పనప్పుడు బయలుదేరే ముందు ఒక ఫోన్ చేసి, కుందేలును తెస్తున్నామని, కుక్కలు తక్కువ ఉన్న వేళ చెప్పమని అడగాలి. అడిగితే కాదనే డాక్టరు అరుదు.